నో గ్రోత్

ముందుగా ఒక ఒప్పుకోలు. సెకండియర్‌లో మా రూమ్మేట్‌కి జ్వరం వస్తే, నా పెట్టెలో మిగిలిపోయిన నాలుగు యాంటీబయాటిక్ మాత్రలు వాడికిచ్చింది నేనే. "వేసుకోరా, నాకు తగ్గింది" అన్నాను. బయోటెక్ వాణ్ణి కదా, హాస్టల్లో ఇలాంటి విషయాల్లో నా మాటకి కాస్త విలువుండేది. జ్వరం రెండు రోజులు తగ్గినట్టే తగ్గి మళ్లీ పట్టుకుంది. డాక్టరుగారు చూసి, టైఫాయిడ్ కావచ్చని రక్తం కల్చర్‌కి పంపారు. ఐదు రోజుల తర్వాత రిపోర్టు వచ్చింది. అందులో రెండే మాటలు: నో గ్రోత్.

"హమ్మయ్య, ఏమీ లేదట" అన్నాను. డాక్టరుగారు రిపోర్టు పక్కన పెట్టి వాణ్ణి అడిగారు: "రక్తం ఇచ్చేముందు ఏమైనా మాత్రలు వేసుకున్నావా బాబూ?"

వాడు నా వైపు చూశాడు.

ఆ ప్రశ్న ఎందుకడిగారో నాకు మైక్రోబయాలజీ ల్యాబ్ మొదలయ్యాక గానీ పూర్తిగా అర్థం కాలేదు. బాక్టీరియా చాలా చిన్నవని అందరికీ తెలుసు. ఈ.కోలై పొడవు సుమారు 2 మైక్రాన్లు, అంటే 500 వరసగా పేరిస్తే ఒక మిల్లీమీటరు. అయితే చిన్నవి కావడమొక్కటే చిక్కు కాదు. మైక్రోస్కోపులో కనబడినా వాటికి ముఖాలుండవు! టైఫాయిడ్ తెచ్చేదీ కడ్డీలాగే ఉంటుంది, మన పేగుల్లో మామూలుగా బతికే ఈ.కోలై కూడా కడ్డీలాగే ఉంటుంది. పైగా టైఫాయిడ్ రోగి రక్తంలో మిల్లీలీటరుకి ఒకటి దొరకడం కూడా కష్టం కావచ్చు. అందుకే వాటిని వెతకరు, పెంచుతారు.

మా అమ్మమ్మ గోరువెచ్చని పాలల్లో తోడు వేసి మూత పెట్టేది కదా, అదే పని. తిండి, వెచ్చదనం, కాస్త ఓపిక. అనుకూలంగా ఉంటే ఈ.కోలై 20 నిమిషాలకోసారి రెండవుతుంది. పది గంటల్లో 30 రెట్టింపులు. రెండుని ముప్పైసార్లు గుణించి చూడండి, వంద కోట్లు దాటుతుంది. అప్పుడది కంటికి కనబడే చుక్క అవుతుంది. దాన్నే కాలనీ అంటాం. ఒక్క కణం నుంచి పుట్టిన చుక్క కాబట్టి అందులో ఉన్నవన్నీ ఒకటే రకం.

కాలనీ విడిగా రావాలంటే గట్టి నేల కావాలి. జర్మనీలో రాబర్ట్ కోచ్ మొదట ఉడికించిన బంగాళాదుంప ముక్కల మీద, తర్వాత జెలటిన్ మీద పెంచాడు. జెలటిన్ 37 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది, కొన్ని బాక్టీరియా దాన్ని తినేస్తాయి కూడా. ఆయన దగ్గర పనిచేసిన వాల్టర్ హెస్సే భార్య ఫానీ, వంటింట్లో తాను జెల్లీలకి వాడే అగర్ అనే సముద్రపు నాచు పదార్థం వాడి చూడమంది. మన కిరాణా కొట్లలో చైనా గ్రాస్ పేరుతో అమ్మేది అదే. 1882లో కోచ్ తన క్షయ వ్యాసంలో అగర్‌ని ప్రస్తావించాడు, ఫానీ పేరు మాత్రం రాయలేదు. 1887లో మూతగిన్నె చేసిన పెట్రి పేరేమో ప్రపంచంలోని ప్రతి ల్యాబ్‌లోనూ వినబడుతుంది. నాకిది ఇప్పటికీ అన్యాయంగానే తోస్తుంది.

పెరిగాక రంగు వేస్తారు. 1884లో హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ కనిపెట్టిన పద్ధతి: ఊదారంగు, అయోడిన్, ఆ తర్వాత ఆల్కహాల్‌తో కడగడం. గోడ మందంగా ఉన్నవి ఊదా నిలుపుకుంటాయి. పలచగోడవి వదిలేసి, చివర్లో వేసే సాఫ్రనిన్‌తో గులాబీ రంగుకి తిరుగుతాయి. ఆల్కహాల్ కాస్త ఎక్కువసేపు ఉంచితే అన్నీ గులాబీయే. నా మొదటి మూడు స్లైడ్లు అలాగే పోయాయి.

నన్ను నిలబెట్టేసింది మాత్రం డిస్కుల ప్రయోగం. ప్లేటంతా బాక్టీరియా పూసి, యాంటీబయాటిక్ అద్దిన చిన్న కాగితపు బిళ్లలు పెట్టి, రాత్రంతా ఇంక్యుబేటర్‌లో ఉంచాం. పొద్దున ప్లేటంతా పాలమీగడలా పొర కట్టింది. కొన్ని బిళ్లల చుట్టూ మాత్రం ఖాళీ వలయాలు. మందు పనిచేస్తే అక్కడ ఏదీ పెరగదు. ఒక బిళ్ల చుట్టూ వలయమే లేదు, బాక్టీరియా దాని అంచుదాకా వచ్చేశాయి.

ఆ ఖాళీ వలయం చూస్తుంటే వాడి రిపోర్టు గుర్తొచ్చింది. నేనిచ్చిన మాత్రలు వాడి రక్తంలో చేసింది ఇదే అయ్యుండాలి. జబ్బుని చంపేంత కాదు, సీసాలో పెరగకుండా ఆపేంత. ఏదీ పెరగకపోతే ఏ బాక్టీరియానో తెలియదు, డిస్కులు పెట్టి ఏ మందు పనిచేస్తుందో చూసే దారీ ఉండదు. సీఎస్‌ఈ మిత్రులకి వాళ్ల భాషలో చెప్పాలంటే, నో గ్రోత్ అంటే సున్నా కాదు, నల్.

డాక్టరుగారు అనుభవంతో ఒక మందు ఎంచుకుని ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. అదృష్టం, పనిచేసింది. వాడికి మూడు వారాల క్లాసులూ ఒక మిడ్ పరీక్షా పోయాయి. కండొనేషన్ ఫీజులో సగం నేను కట్టాను.

ఇప్పుడు నేను ల్యాబ్ నుంచి రూముకి రాగానే వాడడిగే మొదటి మాట ఒకటే: "ఏరా, ఇవాళేమైనా పెరిగిందా?" నిన్న నా ప్లేటు మీద పెరిగింది బూజు.