మీకు తెలుసా? బురద పట్టిన మూస్ నేర్పిన తూటా

1946లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో జాన్ నోస్లర్ అనే అమెరికన్ వేటగాడు ఓ మూస్‌ను కాల్చాడు. జింక జాతుల్లోకెల్లా పెద్దది మూస్. దాని ఒంటి నిండా ఎండిన బురద. తూటాలు తగిలాయే గానీ లోతుకు దిగలేదు, పైపైనే ఛిద్రమైపోయాయి.

దాంతో ఆయన రాగి తొడుగు మధ్యలో అడ్డుగోడ పెట్టి కొత్త తూటా చేశాడు. ముందు భాగం పువ్వులా విచ్చుకుంటుంది, వెనక సీసం చెదరకుండా లోపలికి దూసుకుపోతుంది. 1948లో కంపెనీ పెట్టి, ‘పార్టిషన్’ పేరుతో అమ్మాడు.

దూరం పెరిగితే చిక్కు తిరగబడుతుంది. గాలి నిరోధంతో వేగం పడిపోయి తూటా విచ్చుకోదు. సన్నటి రంధ్రం చేసి అవతలికి పోతుంది, జంతువు గాయంతో గంటల తరబడి అల్లాడుతుంది. అందుకే విచ్చుకోవడానికి కావలసిన కనీస వేగం, చాలా రకాలకు సెకనుకు సుమారు 1,800 అడుగులు, ఏ దూరంలో అందకుండా పోతుందో ఆ దూరం దాటి కాల్చడం క్రూరత్వమే.