పుస్తకం అచ్చయింది, పైకమేదీ?

మోటారు వైండింగు మీద తెలుగులో పుస్తకం వ్రాశాననగానే మిత్రులు “ఇంకేం, లక్షాధికారివి!” అన్నారు. లెక్క వినండి.

వెల 200 రూపాయలు, 1,000 ప్రతులు. రచయితకు నూటికి పది. ఆఖరి ప్రతిదాకా అమ్ముడైతే 20,000. వ్రాయడానికి పట్టింది మూడేళ్లు. బొమ్మలు గీసినవారికి నేనిచ్చుకున్నది 12,000.

పబ్లిషరును తిట్టడానికీ లేదు. 80 రూపాయలు పుస్తకాల షాపు కమీషను. కాగితం, అచ్చు, బైండింగు, రవాణా మిగిలిన దాంట్లోనే. నవలైతే ఇంటిల్లిపాదీ చదువుతారు; ఈ పుస్తకం కొనేవాడు ఊరికొక్కడు.

రెండో పుస్తకానికి 15,000 రొక్కమిచ్చి, హక్కులన్నీ శాశ్వతంగా వ్రాసిమ్మన్నారు. “పుచ్చుకోండి, అమ్మాయి ఫీజుకు సరిపోతుంది” అన్నది మా ఆవిడ. సంతకానికి ముందు 1957 నాటి కాపీరైటు చట్టం తిరగేశాను. కాగితంలో గడువు వ్రాయకపోతే హక్కు అయిదేళ్లకే ఇచ్చినట్లట! చట్టమే అంత చాలన్నప్పుడు శాశ్వతమెందుకు? “శాశ్వతంగా” కొట్టేయించి “5 సంవత్సరాలు” అని వ్రాయించాను.

మొన్న ఒక రివైండింగు షాపులో కుర్రవాడు నా బొమ్మ చూస్తూ తీగ చుడుతున్నాడు. “పుస్తకమెక్కడిదోయ్?” అన్నాను.

“ఎక్కడా దొరకలేదండి. జిరాక్సు తీయించుకున్నాను.”

ఆ ప్రతికి నాకు పైసా రాదు. అయినా కోపం రాలేదు. వచ్చే ఏడు హక్కు నా చేతికొస్తుంది. 300 ప్రతులైనా నేనే వేయిస్తాను.