కుండలో తాటాకులు, డబ్బాలో అంకెలు

తిరువళ్ళూరు దాటి అరక్కోణం వైపు వెళ్ళే రైలు దారిలో తిరువాలంగాడు వస్తుంది. నటరాజస్వామి అయిదు సభల్లో ఒకటైన రత్నసభ ఉన్న ఊరు. స్వామీ కాళీ నాట్యంలో పోటీపడ్డారని చెప్పుకునే చోటు. మొన్న సెలవుల్లో బంధువులమంతా ఆ ఊళ్ళో కలిసి ఒక చిన్న పోటీ పెట్టుకున్నాం. అదే తంబోలా.

తీరా చూస్తే అంకెల బిళ్ళల సంచీ లేదు. ఇంజినీరింగు చదివే మా మేనల్లుడు వేలెడంత మైక్రోకంట్రోలరు చిప్పుతో ఒక డబ్బా తయారుచేశాడు. మీట నొక్కితే 1 నుంచి 90 లోపు ఒక అంకె వెలుగుతుంది. అందరం ముచ్చటపడ్డాం.

మొదటి సాయంత్రమే కరెంటు పోయి వచ్చింది. ఆట మళ్ళీ మొదలుపెడితే పాత అంకెలే పాత వరుసలో వచ్చాయి! మరునాడు మా పెద్దత్తయ్య, ‘‘ఏమిరా, నీ డబ్బాకు ఎనభైలంటే పడదా? నా అంకెలన్నీ ఎప్పుడూ చివర్లోనే వస్తాయి’’ అంది. రెండు రోజులూ ఫుల్‌హౌస్ వాడి చెల్లెలికే రావడంతో ఎవరో నవ్వుతూనే ‘దొంగాట’ అన్నారు. పిల్లవాడి ముఖం చిన్నబోయింది.

ఆ రాత్రి వాడితోపాటు నేనూ లెక్కకు కూర్చున్నాను. చిప్పు తనంతట తాను అంకెలు ఊహించలేదు. ఒక మొదటి అంకె ఇస్తే, సూత్రం ప్రకారం తరువాతివి కడుతూ పోతుంది. మొదటిది మారకపోతే వరుసా మారదు. అందుకని డబ్బా వెలిగించినప్పటి నుంచి మొదటిసారి మీట నొక్కేదాకా గడిచిన కాలాన్ని మైక్రోసెకన్లలో తీసుకుని, దాన్నే మొదటి అంకె చేశాడు. సెకనులో పదిలక్షలో వంతును గురిచూసి నొక్కగల వేలు ఎవరికీ లేదు కదా!

అత్తయ్య ఫిర్యాదుకు కారణం వేరు. ఆ సూత్రం ప్రతిసారీ 0 నుంచి 255 వరకు 256 అంకెల్లో ఒకదాన్ని ఇస్తుంది. వాడు దాన్ని 90తో భాగించి, శేషానికి ఒకటి కలిపాడు. 256లో 90 రెండుసార్లు పోగా ఇంకా 76 మిగులుతుంది. అంటే 1 నుంచి 76 దాకా ఉన్న అంకెలకు మూడేసి అవకాశాలు, 77 నుంచి 90 దాకా ఉన్నవాటికి రెండేసి మాత్రమే! 900 సార్లు తీయిస్తే ఈ చివరి పద్నాలుగూ కలిపి 140 సార్లు రావాలి. ఈ డబ్బాలో వచ్చేవి సుమారు 98. అత్తయ్య ఏ లెక్కా కట్టకుండానే పట్టేసింది.

మందు తేలికే. 180, ఆపై వచ్చినవాటిని పారేసి మళ్ళీ తీయాలి. మిగిలిన 180లో ప్రతి అంకెకూ సరిగ్గా రెండేసి అవకాశాలు. పదిసార్లకు మూడుసార్లు వృథా అవుతుంది గాని, మన కంటికి ఆ ఆలస్యం తెలియదు. డబ్బు పందేలకు మాత్రం ఇది చాలదు. సూత్రం తెలిసినవాడు రాబోయే అంకెను ముందే కట్టేయగలడు.

రాజేంద్రచోళుని తామ్రశాసనాల వల్ల చరిత్రకారులందరికీ తిరువాలంగాడు పేరు తెలుసు. ఆ వంశావళిలో కనిపించే పరాంతకుని కాలంలోనే, 919, 921 సంవత్సరాల నాటి ఉత్తరమేరూరు శాసనాలు గ్రామసభ ఉపసంఘాల సభ్యులను ఎన్నుకునే పద్ధతి చెబుతాయి. పేర్లు తాటాకుల మీద రాసి కుండలో వేస్తారు. పూజారుల్లో పెద్దవాడు కుండను అందరికీ కనబడేలా ఎత్తి పట్టుకుంటాడు. లోపల ఏముందో తెలియని చిన్నపిల్లవాడు ఆకు తీస్తాడు. మధ్యస్థుడు అయిదు వేళ్ళూ విప్పిన అరచేతితో దాన్ని అందుకుని పైకి చదువుతాడు.

ఆ కుండను అందరూ చూడగలిగారు. మా డబ్బా లోపల ఏం జరుగుతుందో ఎవరికీ కనబడదు. అందుకే మరునాడు మావాడు డబ్బా చేత 900 సార్లు తీయించి, ఏ అంకె ఎన్నిసార్లు వచ్చిందో కాగితం మీద రాసి గోడకు అంటించాడు. మీట నొక్కే పని మాత్రం పెద్దత్తయ్యకే అప్పగించాడు.

ఆ సాయంత్రం కూడా ఫుల్‌హౌస్ ఆవిడకు రాలేదు. అయినా ‘‘ఇప్పుడు ఓడినా బాధ లేదురా’’ అంటూ వాడి తల నిమిరింది.