కొనేవాళ్లు లేని కాలువ

1871 నాటికి తుంగభద్ర మీద సుంకేసుల నుంచి కడప దాకా 306 కిలోమీటర్ల కాలువ తయారైంది. పెట్టుబడి లండన్‌ది, లెక్కలు ఇంగ్లీషు ఇంజనీర్లవి, తట్టా పారా మన కూలీలవి. నీళ్లు వదిలారు. ఏడాదికి పాతిక అంగుళాల వాన అటూ ఇటూగా, అదీ నమ్మకం లేకుండా పడే సీమ ఇది. అలాంటి చోట పొలం గట్టు దాకా వచ్చిన నీళ్లను చాలామంది రైతులు తీసుకోలేదు. కాలువ తవ్విన కంపెనీ నిలబడలేకపోయింది. 1882లో ప్రభుత్వమే దాన్ని కొనుక్కోవలసి వచ్చింది.

మనం ఈరోజు కె.సి. కెనాల్ అని పిలిచే కర్నూలు కడప కాలువ కథ ఇది. రాజులూ సేనాపతులూ చేసిన ఘోర తప్పిదాల గురించి మన పాఠ్యపుస్తకాలు చెబుతాయి కానీ, రాయలసీమ నడిబొడ్డున ఒక కంపెనీ చేసిన ఈ తప్పు గురించి పెద్దగా చెప్పవు. ఆ తప్పు ఎక్కడ జరిగిందో నిదానంగా చూస్తే ఇప్పటి నీటి తగాదాలు కూడా మరింత బాగా అర్థమవుతాయి.

మొదలు గోదావరి దగ్గర ఉంది. ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852కల్లా ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేయించాడు. ఆ వెంటనే బెజవాడ దగ్గర కృష్ణ మీద మరో ఆనకట్ట లేచింది. డెల్టా పచ్చబడింది, సర్కారుకు శిస్తు పెరిగింది. ఈ ఫలితం చూశాక, భారతదేశంలో కాలువలు తవ్వితే లాభాలు వాటంతట అవే వస్తాయన్న నమ్మకం లండన్ మదుపుదారులకు కుదిరింది. 1858లో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ ఏర్పడింది. తుంగభద్ర నీటిని బళ్లారి, కర్నూలు, కడపల మీదుగా నెల్లూరు దాకా తీసుకుపోవాలి, పొలాలు తడపాలి, అదే కాలువలో సరుకుల పడవలు నడపాలి. ఇదీ ఊహ. కాటన్ ఆలోచనలో మరొకటి కూడా ఉంది. నది ఎగువన జలాశయం కట్టి వరద నీటిని నిలవ చేయాలని ఆయన 1860 నాటికే అన్నాడు. ఈ సంగతి గుర్తుంచుకోండి, దీనితో మళ్లీ పని పడుతుంది.

కంపెనీ పెట్టుబడిలో పది లక్షల పౌన్ల మీద ఏటా 5 శాతం వడ్డీకి సర్కారు హామీ ఉంది. అంటే కాలువ లాభం తెచ్చినా తేకపోయినా వాటాదారులకు ఏడాదికి 50 వేల పౌన్లు ముడతాయి. ఆ డబ్బు భారత ఖజానా నుంచే, అంటే రైతులు కట్టిన శిస్తు నుంచే రావాలి. ఇరవై ఏళ్లు ఇలా చెల్లిస్తే వడ్డీయే అసలంత అవుతుంది. పంట పండినా ఎండినా కూలి మాత్రం ముట్టే పాలేరుకు చేను మీద ఎంత బెంగ ఉంటుందో, ఈ వాటాదారులకు కాలువ మీద అంతే ఉంది. రైల్వే కంపెనీలకూ ఇదే పద్ధతిలో హామీలు ఇచ్చారు. ఇండియా ప్రభుత్వంలో ఆర్థిక సభ్యుడిగా పనిచేసిన విలియం మాసీ తర్వాత పార్లమెంటు కమిటీ ముందు సాక్ష్యమిస్తూ, ఐదు శాతం ఖాయమైన ఇంగ్లీషు మదుపుదారుకు తన డబ్బు ఇటుకలుగా మారినా హుగ్లీ నదిలో కలిసినా ఒకటేనన్న అర్థంలో మాట్లాడాడు.

పని 1860ల మొదట్లో మొదలైంది. నేల తేలికైనది కాదు. సుంకేసుల ఆనకట్ట దగ్గర బయల్దేరిన కాలువ కర్నూలు ఊళ్లో హంద్రి నదిని దాటాలి. అందుకోసం నది మీద అక్విడక్టు కట్టి, కింద హంద్రి పారుతుంటే పైన కాలువ పారేలా చేశారు. అక్కడి నుంచి నందికొట్కూరు వైపు సాగి, మిట్టకందాల దగ్గర కృష్ణా పెన్నా పరీవాహకాల మధ్య ఉన్న మిట్టను తవ్వుకుని కుందూ నది లోయలోకి దిగాలి. నంద్యాల, ఆళ్లగడ్డ దాటాక కుందూ మీద రాజోలి దగ్గర ఒక ఆనకట్ట, పెన్న మీద ఆదినిమ్మాయపల్లె దగ్గర ఇంకొకటి. కట్టడం పనిగా చూస్తే ఇది చిన్న విషయం కాదు. ఆ ఇంజనీర్ల చేతి పనిలో లోపం వెతకడం న్యాయం కాదు కూడా. ఖర్చు మాత్రం అంచనాలను ఎప్పుడో దాటిపోయింది. 1866 నాటికి పది లక్షల పౌన్లూ అయిపోయాయి. సర్కారు ఇంకో 6 లక్షల పౌన్లు అప్పు ఇచ్చి పని ముందుకు నెట్టించింది. నెల్లూరు మాట పక్కకు పోయి కడప దగ్గరే కాలువ ఆగింది. సముద్రం చేరని కాలువలో పడవల వ్యాపారం ఎంత జరుగుతుంది? అదీగాక మద్రాసు నుంచి కడప, గుంతకల్లుల మీదుగా రాయచూరు వెళ్లే రైలు మార్గం కూడా 1871కల్లా పూర్తయింది. సరుకు రైలెక్కింది.

పడవల సంగతి అలా ఉంచి, నీళ్ల సంగతి చూద్దాం. రైతు ఎందుకు తీసుకోలేదన్నదే ఈ కథలో అసలు ప్రశ్న. ఆనాటి దొరల దగ్గర దీనికి సులువైన జవాబు ఒకటి ఉండేది. రైతు పాత పద్ధతిని పట్టుకు వేలాడతాడు, కొత్తది నేర్చుకోడు అని. ఈ జవాబు తప్పని నేను గట్టిగా నమ్ముతాను. రైతు వైపు నిలబడి లెక్క వేస్తే ఎందుకో తెలుస్తుంది.

కుందూ లోయలో చాలా భాగం నల్లరేగడి. ఈ నేల వాన నీటిని లోపలికి పీల్చుకుని నెలల తరబడి పట్టి ఉంచుతుంది. పదును చూసి విత్తితే, ఆ తర్వాత పెద్దగా వాన లేకపోయినా జొన్న, పత్తి ఆ లోపలి తేమతోనే పండుతాయి. రేగడి సేద్యానికి తనదైన సరంజామా ఉంది. వేళ్లు దిగిన గడ్డిని పెకలించడానికి బరువైన పెద్ద మడక, దానికి మూడు నాలుగు జతల ఎద్దులు, తర్వాత గుంటక, విత్తడానికి గొర్రు. చేను విశాలంగా ఉండాలి, గట్లు అడ్డం ఉండకూడదు, గొర్రు ఈ చివర నుంచి ఆ చివరకు తిన్నగా సాగాలి.

ఇప్పుడు అదే చేనికి కాలువ నీళ్లు కట్టాలనుకుందాం. ముందు నేల చదును చేయాలి. చిన్న చిన్న మడులుగా విడగొట్టి గట్లు వేయాలి. పిల్లకాలువలు తీసుకోవాలి. వరికి నారు పోయాలి, నాట్లు వేయాలి, కలుపు తీయాలి. మనుషులు తక్కువగా ఉన్న ఊళ్లలో ఇంతమంది కూలీలు ఎక్కడి నుంచి వస్తారు? ఎరువు రెట్టింపు కావాలి. ఇంత చేశాక, తన మడిలో నీళ్లు నిలిస్తే పక్కవాడి జొన్న చేను ఊటెక్కి చెడుతుంది. రేగడి నీళ్లు తాగిందంటే ఒక పట్టాన ఆరదు. అలా మాగాణి చేసిన చేను మళ్లీ మెట్టకు మళ్లించడం కష్టం. అందుకే ఊరంతా ఒకేసారి మారితే తప్ప ఒక్కడు మారడం నష్టం.

దీని మీద నీటితీరువా. మెట్ట నేలకు శిస్తు తక్కువ. నీళ్లు పెట్టుకున్నాడా, శిస్తు సర్కారుకు, తీరువా కంపెనీకి. వాన బాగా పడిన ఏడాది పక్క చేనివాడు ఏ తీరువా కట్టకుండానే జొన్న పండించుకుంటే, కాలువ కింద రైతు చేతిలో ఏం మిగిలినట్టు? నాలుగైదేళ్లకు ఒకసారి వచ్చే ఎండ కోసం ప్రతి ఏడూ డబ్బు కట్టమంటే ఏ సంసారైనా ఆలోచిస్తాడు. డెల్టాలో పరిస్థితి ఇది కాదు. అక్కడ వరి ముందు నుంచీ ఉంది, నేల పల్లం, నీళ్లు నేరుగా పంటను పెంచాయి. గోదావరి లెక్కను తెచ్చి కుందూ ఒడ్డున వేయడమే కంపెనీ తప్పు. నీళ్లు దొరుకుతాయా అని నదిని కొలిచారు. నీళ్లు కావాలా, ఎప్పుడు కావాలి, ఎంతకు కావాలి అని రైతును అడగలేదు. అడగవలసిన అవసరం కూడా వాళ్లకు లేకపోయింది, ఐదు శాతం ఎలాగూ వస్తోంది.

ఇంకో లోపం కూడా ఉంది. ఎగువన జలాశయం కట్టనే లేదు. పడమటి కనుమల్లో వానలు ఉన్నన్నాళ్లు తుంగభద్ర పారుతుంది, చలికాలం దాటాక సన్నబడుతుంది. నిలవ లేని కాలువ కూడా నదితో పాటే సన్నబడుతుంది. కాటన్ ఊహలో సగం కట్టి, మిగతా సగం ఖర్చు మిగుల్చుకున్నారు. ఆ సగం లేకుండా కాలువ మీద భరోసా ఎలా పుడుతుంది?

ఇక 1876. ధాత నామ సంవత్సరం. నైరుతి మోసం చేసింది, ఈశాన్యం కూడా ముఖం చాటేసింది. మరుసటి ఏడు కూడా కోలుకోనివ్వలేదు. పెద్దలు ధాత కరువు అని చెప్పుకునేది దీన్నే. అప్పుడు రైతులు కాలువ దగ్గరకు వచ్చారు. పంటలు మాడిపోతుంటే కె.సి. కెనాల్ నీళ్లు అందిన చోట పైరు నిలబడింది. కానీ అందిన చోటు ఎంత? పెద్ద కాలువ ఉంది, దాని నుంచి చేలకు నీళ్లు చేర్చే పిల్లకాలువలు చాలాచోట్ల లేవు. కొనేవాళ్లు లేరని తవ్వలేదు, తవ్వలేదు కాబట్టి కావలసినప్పుడు చేరలేదు. వానలు మళ్లీ పడ్డాక నీళ్ల గిరాకీ మళ్లీ తగ్గింది.

ఆ కరువులో కర్నూలు జిల్లా ఏమైందో జనాభా లెక్కలు చెబుతాయి. బనగానపల్లె సంస్థానం కాకుండా 1871లో 9 లక్షల 14 వేల మంది. 1881లో 6 లక్షల 78 వేల మంది. చనిపోయినవాళ్లు, వలసపోయినవాళ్లు కలిపి నాలుగో వంతుకు పైగా జనం లేకుండా పోయారు. ఈ దశలో పాలకులు చేసినవి తప్పిదాలు అనే మాటకు కూడా మించినవి. 1877 జనవరి 1న వైస్రాయ్ లిట్టన్ ఢిల్లీలో దర్బారు జరిపి విక్టోరియాను భారత చక్రవర్తినిగా ప్రకటించాడు. అదే కాలంలో కరువు ఖర్చు తగ్గించడానికి అతను పంపిన రిచర్డ్ టెంపుల్, సహాయ పనుల్లో మట్టి మోసే మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన కాస్త చిల్లర చాలని కూలి నిర్ణయించాడు. పౌను అంటే అరకిలోకి తక్కువ. మండుటెండలో రాళ్లు కొట్టే మనిషికి అది ప్రాణం నిలిపే తిండి కాదు. ప్రజలు ఆ కాలపు దొరల పేర్లు మరిచిపోయారు. కరువు రోజుల్లో ఆకలిగొన్నవాళ్లకు అన్నం పెట్టినవాడిగా ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి పేరు మాత్రం పాటల్లో నిలబెట్టుకున్నారు.

కరువు తర్వాత 1878లో లండన్‌లో పార్లమెంటు కమిటీ ముందు కాటన్ కూర్చుని కాలువల తరఫున వాదించాడు. ఎదురు పక్షానికి కె.సి. కెనాల్ నష్టాలే పెద్ద ఆయుధం. మెట్ట సీమలో కాలువ దండగ, రైళ్లే మేలు అన్న వాదనకు ఈ ఒక్క ఉదాహరణ చాలింది. ఇది రెండో తప్పు, నా దృష్టిలో మొదటిదానికన్నా పెద్దది. దండగ అయింది కాలువ కాదు, దాన్ని అమ్మిన తీరు. ఆ తేడా చూడకపోవడం వల్ల తుంగభద్ర మీద జలాశయం మాట దశాబ్దాలు వెనక్కి పోయింది. హోస్పేట దగ్గర డ్యామ్ 1953లో గానీ రాలేదు.

ఇలాంటి తప్పు ఇంకోచోట, ఇంకా పెద్ద ఎత్తున జరిగింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్‌లో నూనెల కొరత ఉంటే, ఆఫ్రికాలోని టాంగన్యికాలో 30 లక్షల ఎకరాలకు పైగా వేరుశనగ పండించాలని 1946-47లో బ్రిటిష్ ప్రభుత్వం పథకం వేసింది. యుద్ధంలో మిగిలిన ట్యాంకులను ట్రాక్టర్లుగా మార్చి మరీ పంపారు. కొంగ్వా అనే చోట అడవి కొట్టి విత్తారు. అక్కడి బంకమట్టి ఎండకు రాయిలా గట్టిపడితే కాయ నేలలో ఇరుక్కుపోయింది. వాన కూడా లెక్క ప్రకారం పడలేదు. 1951లో 3 కోట్ల 60 లక్షల పౌన్లకు పైగా నష్టంతో పథకం మూసేశారు. శనక్కాయకు చేతితో పీకితే వచ్చే తేలిక నేల కావాలని అనంతపురం, కడప జిల్లాల్లో ఏ రైతును అడిగినా చెప్పేవాడు. కొంగ్వా చుట్టుపక్కల సేద్యం చేసుకునేవాళ్లూ తమ నేల సంగతి చెప్పేవాళ్లే.

మళ్లీ మన కాలువకు వద్దాం. సర్కారు చేతికి వచ్చాక పరిస్థితి మెల్లగా మారింది. శిస్తూ తీరువా ఒకే చేతిలోకి వచ్చాయి, పిల్లకాలువలు పెరిగాయి, ఒకరిని చూసి ఒకరు మాగాణి చేసుకున్నారు. తరం మారేసరికి నంద్యాల చుట్టుపక్కల వరి సొంత పంట అయింది. బి.పి.టి. 5204 వరి రకం వచ్చాక ఇక్కడ పండిన సన్నబియ్యం కర్నూలు సోనాగా ఊరూరా పేరు తెచ్చుకుంది. ఇప్పుడు కె.సి. కెనాల్ ఆయకట్టు సుమారు 2 లక్షల 65 వేల ఎకరాలు. బచావత్ ట్రిబ్యునల్ దీనికి 39.9 టీఎంసీలు కేటాయించింది. ఒకప్పుడు వద్దన్న నీళ్ల కోసం ఇప్పటి రైతులు ధర్నాలు చేస్తున్నారు, ఎగువన రాజోలిబండ దగ్గర వాటా తగాదాలు నడిచాయి. తుంగభద్రలో నీళ్లు తగ్గినప్పుడు ఆదుకోవడానికి శ్రీశైలం నీటిని ముచ్చుమర్రి దగ్గర ఎత్తిపోసి ఈ కాలువలో కలుపుతున్నారు.

కాగితం మీద 39.9 టీఎంసీలు ఉన్నా, సుంకేసుల దగ్గర ఆపుకోగలిగింది 1.2 టీఎంసీలే. వానాకాలంలో వచ్చిన వరద వచ్చినట్టే కిందికి పోతుంది, రబీకి వచ్చేసరికి తుంగభద్ర డ్యామ్ వైపు చూడాలి. అందుకే సుంకేసులకు ఎగువన గుండ్రేవుల దగ్గర 20 టీఎంసీల జలాశయం కట్టమని కర్నూలు, కడప జిల్లాల ఆయకట్టు రైతులు ఏళ్ల తరబడి అడుగుతున్నారు. కాలువ తలాపున నీళ్లు నిలవ ఉంచే ఆ పనిని 1860ల్లో లండన్ కంపెనీ వదిలేసింది. ఆ తర్వాత వచ్చిన ఏ ప్రభుత్వమూ దాన్ని పూర్తి చేయలేదు.