హోమ్‌స్కూలింగ్: అమ్మ చెప్పిందా.. పిల్లాడికి నచ్చిందా? ఇంటి చదువులో పగ్గాలు ఎవరి చేతిలో ఉండాలి?

ఉదయం తొమ్మిదిన్నర. పక్కింటి పిల్లలు స్కూల్ బస్సెక్కి వెళ్లిపోయారు. ఈ ఇంట్లో తొమ్మిదేళ్ల బాబు మాత్రం నేల మీద బోర్లా పడుకుని రైలు బొమ్మ గీస్తున్నాడు. అమ్మ చేతిలో లెక్కల పుస్తకం. "ఈ ఒక్క బొమ్మ అయ్యాక వస్తానమ్మా" అంటాడు. మధ్యాహ్నమైనా ఆ బొమ్మ అవ్వదు. అమ్మ ఇప్పుడేం చేయాలి? లాక్కొచ్చి కూర్చోబెట్టాలా.. వదిలేయాలా?

పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివించే కుటుంబాలకు ఈ ప్రశ్న మాటిమాటికీ ఎదురవుతుంది. దీనికి జవాబు ఎక్కడుందో చూద్దాం.

రెండు దారులు ఇవే..

హోమ్‌స్కూలింగ్ అంటే ఒకే పద్ధతి కాదు. కొందరు ఇంటినే బడి చేసేస్తారు. టైంటేబుల్, సిలబస్, వారానికో టెస్ట్ అన్నీ ఉంటాయి. ఇంకొందరిది పూర్తిగా వేరే దారి. పిల్లల ఆసక్తే సిలబస్ అంటారు. దీన్నే 'అన్‌స్కూలింగ్' అంటారు. 1970ల చివర్లో అమెరికా విద్యావేత్త జాన్ హోల్ట్ ఈ మాటను ప్రచారంలోకి తెచ్చారు. చాలా కుటుంబాలు ఈ రెండింటి మధ్యలో ఎక్కడో ఉంటాయి.

పగ్గాలు మరీ బిగిస్తే..

బడిలో టీచర్ కోప్పడితే పిల్లలు ఇంటికొచ్చి అమ్మకు చెప్పుకుంటారు. మరి ఆ టీచరే అమ్మ అయితే? చెప్పుకోవడానికి ఇంకో చోటు ఉండదు. పొద్దున లెక్క తప్పిందన్న కోపం రాత్రి అన్నం దగ్గర కూడా కొనసాగుతుంది. చదువు కోసం మొదలుపెట్టిన పని చివరికి బంధానికే ఎసరు పెడుతుంది. పైగా ఎవరో చెబితే తప్ప పుస్తకం తెరవని అలవాటు పడుతుంది.

పూర్తిగా వదిలేస్తే..

ఇక్కడ ప్రమాదం వెంటనే కనిపించదు. వీడియోలు చూసే పిల్లాడు డైనోసార్ల గురించి, రాకెట్ల గురించి గడగడా చెప్పేస్తాడు. ఇంట్లో అందరూ మురిసిపోతారు. కానీ ఒక పేజీ చదవమంటే వత్తుల దగ్గరే ఆగిపోతాడు. కొందరు పిల్లలకు చదవడం కాస్త ఆలస్యంగా వస్తుంది, అది వేరే సంగతి. కానీ డిస్లెక్సియా లాంటి ఇబ్బంది ఉంటే? బడిలో తోటి పిల్లలతో పోల్చి చూసే టీచర్ ఉంటారు. ఇంట్లో ఆ చూపు పేరెంట్స్‌కే ఉండాలి. అనుమానం వస్తే ఆగకుండా నిపుణులకు చూపించాలి.

ఇంకో మాట. ఒక విషయం ఉందనే తెలియని పిల్లలు దాన్ని ఎంచుకోలేరు కదా! కొత్త సంగతులు వాళ్ల ముందు పెట్టాల్సింది పెద్దలే.

పరంజాలా ఉండాలి

పిల్లలు ఒంటరిగా చేయగలిగేది కొంత, తెలిసినవాళ్లు సాయం చేస్తే చేయగలిగేది ఇంకాస్త ఎక్కువ. ఈ రెండింటి మధ్య ఉన్న చోటే నేర్చుకునే చోటు అన్నారు రష్యా మనస్తత్వవేత్త వైగోట్‌స్కీ. ఆ సాయాన్ని 1976లో జెరోమ్ బ్రూనర్, ఆయన సహచరులు గోడ కట్టేటప్పుడు వేసే పరంజాతో పోల్చారు. గోడ నిలబడేదాకా పరంజా ఉండాల్సిందే. నిలబడ్డాక తీసేయాల్సిందే.

మళ్లీ మన రైలు బాబు దగ్గరికే వద్దాం. సికింద్రాబాద్ నుంచి కాజీపేట మీదుగా విజయవాడ దాదాపు 350 కిలోమీటర్లు. రైలు ఉదయం 6కి బయల్దేరి 11కి చేరిందనుకుందాం. గంటకు ఎన్ని కిలోమీటర్లు వెళ్లినట్టు? 350ని 5తో భాగిస్తే 70. అదే భాగహారం. దారిలో ఏ ఊళ్లొస్తాయో మ్యాప్‌లో వెతికితే భూగోళం. స్టేషన్ బోర్డు మీద ఊరి పేరు తెలుగు, హిందీ, ఇంగ్లిష్‌లో ఉంటుంది. అది చదివితే మూడు లిపులు. టాపిక్ బాబుదే, ప్రశ్న మాత్రం అమ్మది.

అలాగని అన్నీ రైళ్లలోనే దొరకవు. ఎక్కాలు, భిన్నాలు, దస్తూరి రోజూ చేస్తేనే వస్తాయి. వాటికి కొద్దిసేపైనా ఒక టైం పెట్టుకోవడం మంచిది.

ఎవరు ఏం తేల్చాలి?

- పిల్లలు: ఏ టాపిక్, ఏది ముందు, ఎక్కడ కూర్చుని, ఎంత వేగంగా.
- పెద్దలు: చదవడం, రాయడం, లెక్కలు ఆగకుండా చూడటం. నిద్ర, స్క్రీన్ టైం, తోటి పిల్లలతో ఆటలు.
- ఇద్దరూ కలిసి: వారం ప్లాన్. ఆదివారం సాయంత్రం కూర్చుని పోయిన వారం ఏం జరిగిందో, వచ్చే వారం ఏం చేయాలో మాట్లాడుకోవాలి.

వయసు పెరిగేకొద్దీ పెద్దల జాబితా తగ్గుతూ, పిల్లల జాబితా పెరుగుతూ పోవాలి.

సర్టిఫికెట్ సంగతేంటి?

పూర్తిగా పిల్లల ఇష్టానికి వదలకూడనిది ఇదే. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు వర్తించే 2009 విద్యాహక్కు చట్టంలో హోమ్‌స్కూలింగ్ గురించి ప్రత్యేకంగా ఏమీ లేదు. పదో తరగతికి ఎక్కువగా కనిపించే దారి ఓపెన్ స్కూల్. జాతీయ స్థాయిలో ఎన్‌ఐఓఎస్, తెలంగాణలో టాస్, ఆంధ్రప్రదేశ్‌లో ఏపీఓఎస్‌ఎస్ ఉన్నాయి. 14 ఏళ్లు నిండితే పదో తరగతికి చేరొచ్చు. ఎన్‌ఐఓఎస్‌లో అయితే అన్ని సబ్జెక్టులూ ఒకేసారి రాయక్కర్లేదు. అడ్మిషన్ ఐదేళ్లు చెల్లుతుంది.

ముంబై అమ్మాయి మాళవిక రాజ్ జోషి కథ చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఏడో తరగతి తర్వాత బడి మానేసి, నచ్చిన ప్రోగ్రామింగ్ నేర్చుకుంది. అంతర్జాతీయ ఇన్ఫర్మాటిక్స్ ఒలింపియాడ్‌లో మూడు పతకాలు తెచ్చింది. 2016లో అమెరికాలోని ఎంఐటీలో సీటొచ్చింది. కానీ 12వ తరగతి సర్టిఫికెట్ లేకపోవడంతో ఐఐటీలో చేరే వీల్లేకపోయింది. అంత ప్రతిభ ఉన్నా ఒక తలుపు మూసే ఉంది. ఆ పతకాలు అందరికీ రావు కదా! అందుకే పదమూడేళ్లప్పుడే పిల్లలతో ఈ విషయం కూర్చుని మాట్లాడాలి. ఏ దారిలో వెళ్లాలో వాళ్లు తేల్చుకోవచ్చు. తలుపులు మూసుకుపోకుండా చూసుకోవాల్సింది మాత్రం పెద్దలే.

ఇంతకీ లెక్కల పుస్తకం పట్టుకుని నిలబడ్డ అమ్మ ఏం చేయాలి? పుస్తకం కాసేపు పక్కన పెట్టి, బాబు పక్కనే కూర్చుని "ఈ రైలు ఎక్కడిదాకా వెళ్తుంది నాన్నా?" అని అడిగితే చాలు. లెక్క అక్కడే మొదలవుతుంది.