తెగినప్పుడే పుట్టే నిప్పు

కాజీపేట ఫాతిమానగర్ బ్రిడ్జి ఎక్కేదాకా కారుకు ఏ రోగమూ ఉండదు. ఏసీ వేసుకుని నలుగురు కూర్చున్నాక, ఎత్తు మొదలవగానే ఇంజిన్ కుదుపులిస్తుంది. హన్మకొండ మెకానిక్ బానెట్ ఎత్తకుండానే తేల్చేస్తాడు: "మిస్సింగొస్తుంది సార్. కాయిలన్న పోయుండాలె, ప్లగ్గన్న పోయుండాలె."

పెట్రోలు బండికే ఈ గోల. డీజిల్ ఇంజిన్‌లో గాలి నొక్కుడు వేడికే ఇంధనం అంటుకుంటుంది. పెట్రోలుకు మాత్రం నిప్పురవ్వ కావాలి. ప్లగ్గు కొసన ఉండే ఇంచుమించు ఒక మిల్లీమీటరు సందును కరెంటు దూకాలంటే వేల వోల్టులుండాలి. బ్యాటరీలో ఉన్నవి 12. వాటిని వేలకు పెంచేదే కాయిల్.

కాయిల్ లోపల ఇనుప రేకుల దిమ్మె, దాని మీద రెండు తీగచుట్టలు. ఒకటి లావు రాగి తీగ, వందల చుట్లు. రెండోది వెంట్రుకంత సన్నం, వేల చుట్లు. ట్రాన్స్‌ఫార్మరే కదా అనిపిస్తుంది. కానీ చుట్ల నిష్పత్తి 1:100 అనుకుంటే 12 వోల్టులు 1,200 అవుతాయి, అంతే. మిగతావి ఎక్కడివి?

తెంపడంలోనే ఉంది కిటుకు. పొలంలో మోటారు టక్కున ఆగితే పైపులోని నీళ్లు వెనక్కి తన్ని వాల్వును ఢామ్మని కొడతాయి చూడండి, లావు తీగలో పారుతున్న కరెంటును హఠాత్తుగా ఆపినా అలాంటి తన్నే. అయస్కాంత క్షేత్రం కుప్పకూలుతూ ఆ తీగలోనే 300, 400 వోల్టులు పుట్టిస్తుంది. వాటిని వందతో హెచ్చిస్తే 30, 40 వేలు! అంటే రవ్వ పుట్టేది కరెంటు ఇచ్చినప్పుడు కాదు, తెగినప్పుడు.

ఈ కిటుకును 1836లోనే వాడుకున్నవాడు ఐర్లండులోని మేనూత్ కళాశాలలో పాఠాలు చెప్పిన క్రైస్తవ ఫాదర్ నికొలస్ క్యాలన్. షాక్ ఎంత గట్టిదో కొలిచే మీటరు లేక శిష్యుల మీదే పరీక్షించేవాడు, పాపం. పేరు మాత్రం పారిస్‌లో ఇలాంటి కాయిళ్లను చక్కగా చేసి అమ్మిన రుమ్‌కార్ఫ్‌కు దక్కింది. 1864లో మూడో నెపోలియన్ ఇచ్చిన 50,000 ఫ్రాంకుల బహుమానమూ ఆయనకే. అదే ఏడు క్యాలన్ కన్నుమూశాడు.

పాత అంబాసిడర్‌లో కరెంటును తెంపే పని పాయింట్లది, అంటే కలిసి విడిపోయే లోహపు బిళ్లలది. నాలుగు సిలిండర్లకూ కాయిల్ ఒక్కటే. ఇంజిన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే సెకనుకు 100 రవ్వలు. పక్కనున్న కండెన్సర్ పోతే పాయింట్లు మాడేవి. తర్వాత ట్రాన్సిస్టర్ వచ్చింది, ఇప్పుడు చాలా కార్లలో ప్లగ్గుకో కాయిల్.

మరి బ్రిడ్జి సంగతి? యాక్సిలరేటర్ తొక్కితే సిలిండర్‌లో గాలి ఎక్కువై ఒత్తిడి పెరుగుతుంది, అదే సందు దూకడానికి ఇంకా ఎక్కువ వోల్టులు కావాలి. బలహీనపడ్డ కాయిల్ అక్కడ దొరికిపోతుంది.

కొత్తది కొనేముందు పాతవాటినే అటూ ఇటూ మార్చి చూడాలి. మిస్సింగ్ కూడా కాయిల్‌తోపాటు సిలిండర్ మారితే దోషం దానిదే, మారకపోతే ప్లగ్గునో ఇంజెక్టర్‌నో చూడాలి. ఇంజిన్ చల్లారాక తాళంచెవి తీసి, కనెక్టర్ లాక్ నొక్కి ఊడదీసి, బోల్టు విప్పి, కాయిల్‌ను కొద్దిగా తిప్పుతూ నిటారుగా పైకి లాగాలి. వైరు పట్టుకుని లాగొద్దు. స్టార్ట్ చేసి ఉంచి, తీగ లాగి రవ్వ చూసే పాత అలవాటు మరీ ప్రమాదం.

ఊడొచ్చిన కాయిల్ రబ్బరు గొట్టాన్ని వెలుతురులో తిప్పి చూస్తే ఒక్కోసారి పెన్సిల్ గీతంత సన్నని నల్లటి చార కనిపిస్తుంది. బ్రిడ్జి ఎక్కేటప్పుడు ప్లగ్గు సందు దూకలేని కరెంటు, ఇంజిన్ బాడీలోకి జారుకున్న దొంగదారి అదే.