సరదా అనుకుంటే సరిపోదు

తొమ్మిదో తరగతి గదిలో హాజరు పిలుస్తున్నారు. నత్తి ఉన్న పిల్లాడి వంతు రాగానే, వాడు నోరు తెరిచేలోపే వెనక బెంచీ నుంచి ఒకడు "ప్ప... ప్ప... ప్రెజెంట్" అని అందుకుంటాడు. క్లాసంతా గొల్లుమంటుంది. ఆ పిల్లాడూ నవ్వుతాడు. టీచరు అడిగితే "సరదాకి అన్నాం మేడమ్, వాడేమీ అనుకోడు" అంటారు.

ఆ నవ్వును నమ్మకండి. నలుగురిలో ఏడవలేక నవ్వే నవ్వు అది. స్నేహితులు ఒకరినొకరు ఆటపట్టించుకుంటారు. ఇవాళ నువ్వంటే రేపు నేనంటాను, "ఇక చాల్లేరా" అంటే ఆగిపోతుంది. వేధింపు అలా ఆగదు. 1970ల నుంచి స్వీడన్, నార్వేల్లో దీన్ని అధ్యయనం చేసిన డాన్ ఓల్వేయస్ మూడు గుర్తులు చెప్పారు: కావాలని చేయడం, పదేపదే చేయడం, ఎదుటివాళ్లు తిప్పికొట్టలేని స్థితిలో ఉండటం. నా దృష్టిలో మూడోదే కీలకం. కొత్తగా చేరిన అమ్మాయి యాస మీద రోజూ జోకులేసే మేనేజరూ, చుట్టాల ముందు కోడలి రంగు ఎత్తిచూపే అత్తగారూ ఆ వెనక బెంచీ కుర్రాడి కోవకే వస్తారు. ఎదురు చెబితే నష్టం అవతలివాళ్లకేనన్న ధీమాతోనే అంటారు.

మరి చూస్తున్నవాళ్లు ఏం చేస్తారు? కెనడాలో బడి ఆటస్థలాల్ని వీడియో తీసి చేసిన పరిశీలన ఒకటి 2001లో వెలువడింది. ఏడిపించిన సందర్భాల్లో పదింట దాదాపు తొమ్మిదింటిలో తోటి పిల్లలు అక్కడే ఉన్నారు. ఎవరైనా అడ్డుపడింది మాత్రం ఐదింట ఒకటి కూడా లేదు. అయితే అలా అడ్డుపడినప్పుడు సగానికి పైగా సార్లు పది సెకన్లలోపే ఆ గొడవ ఆగిపోయింది.

అడ్డుపడాలంటే కొట్లాటకే దిగనక్కర్లేదు. అందరూ నవ్వుతున్నప్పుడు నవ్వకుండా ఉండొచ్చు. "ఒరేయ్, వాణ్ణి చెప్పనీరా" అనొచ్చు. మధ్యాహ్నం క్యారియర్ పట్టుకెళ్లి వాడి పక్కన కూర్చోవచ్చు. ఒంటరిగా లేనన్న ధైర్యం వాడికి అక్కడే మొదలవుతుంది. ఇక ఏడిపించేవాణ్ణి అందరి ముందు నిలబెట్టి చితకబాదితే, బలమున్నవాడిదే రాజ్యమని వాడికి మరోసారి నేర్పినట్టే. పక్కకు పిలిచి, ఇది ఆగాల్సిందేనని గట్టిగా చెప్పి, వాడికి ఇంట్లో ఏం జరుగుతోందో కూడా అడగాలి.

పిల్లలు వచ్చి చెప్పుకుంటే "పట్టించుకోకు" అనో, "నువ్వూ రెండు తగిలించు" అనో పంపేయకండి. మొత్తం వినండి, బడికి వెళ్లి మాట్లాడండి. అక్కడ పని జరగకపోతే పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేయండి. కాలేజీలో ర్యాగింగ్ అయితే యాంటీ ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522 ఉంది.